తాడు పట్టి వేసిన తోటలు

మా ఇంట్లో పుస్తకాలకు చెక్క బీరువా లేదు. కడప బండల మీద ఉంటాయి. 1991లో ఇల్లు కట్టేటప్పుడు గోడల్లోనే గూళ్లు వదిలి, అడ్డంగా నల్లబండలు దూర్చి అలమర్లు చేయించాం. మా ఊళ్లో సగం ఇళ్లకు అంతే. ఆ గూళ్లలో చింతపండు జాడీలు, ఊరగాయ కుండలు పెట్టుకోవాలని మా ఆవిడ లెక్క. ఇప్పుడు వాటిలో ఫ్రాన్సు రాజుల తోటలు, ఇంగ్లండు జమీందార్ల తోటలు, మొఘలుల తోటలు ఉన్నాయి. జాడీలు మంచం కిందికి పోయాయి. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ జాడీల మాట ఇంట్లో వారానికి ఒకసారైనా లేస్తుంది.

మొత్తం 63 పుస్తకాలు. అన్నీ ఒకే విషయం మీద. ఫార్మల్ గార్డెన్ అంటారు. అదేందని అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: తాడు పట్టి వేసిన తోట. మేస్త్రీ పునాదికి తాడు పట్టినట్టు ముందు నడిమి గీత లాగుతారు. దానికి అటూ ఇటూ సమంగా దారులు, మడులు, నీళ్ల తొట్లు, కత్తిరించిన కంచెలు. చెట్టు తన ఇష్టం వచ్చినట్టు పెరగడానికి లేదు. గీత ఎట్ల చెప్తే అట్ల పెరగాలి.

తర్వాత వచ్చే ప్రశ్న కూడా నాకు తెలుసు. "అయితే మీకు తోట ఎన్ని ఎకరాలు?" మాది రెండున్నర సెంట్ల స్థలం. ఇంటి ముందు ఒక కరివేపాకు చెట్టు, ఒక నందివర్ధనం. ఒకసారి మిద్దె మీద తొట్లలో గోరింట నాటి, చదరంగా కత్తిరించి కంచెలాగా చేద్దామని చూశాను. మే నెలలో బోరు ఎండిపోయింది, గోరింటా ఎండిపోయింది. తోటమాలిగా నా చరిత్ర అంతటితో సరి.

నేను ట్రేసర్‌ని. 1983లో నీటిపారుదల ఆఫీసులో చేరి 2020లో రిటైరయ్యాను. ఈ ఉద్యోగం ఇప్పుడు ఎవరికీ తెలీదు కాబట్టి చెప్తా. ఇంజనీరు పెన్సిల్‌తో డ్రాయింగు గీసి ఇస్తాడు. దాని మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, పైన సుద్దపొడి చల్లి గుడ్డతో తుడవాలి. లేకుంటే ఇంకు పట్టదు. ఆ తర్వాత కింద కనపడే గీత మీద నల్ల ఇంకుతో మళ్లీ గీయాలి. కాలువ గట్టు ఒక మందం, నీటి మట్టం ఒక మందం, కొలత గీత సన్నగా. దాన్నుంచి అమోనియా ప్రింట్లు తీస్తారు, కళ్లు మండిపోతాయి. డ్రాయింగు కింద కుడి మూలన ఒక డబ్బా ఉంటుంది. డ్రాన్ బై, ట్రేస్డ్ బై, చెక్డ్ బై. నడిమి గడిలో నా పొడి అక్షరాలు 37 ఏళ్లు పడ్డాయి.

ఆ ట్రేసింగులు ఏమైనాయో కూడా చెప్పాల. ట్రేసింగ్ క్లాత్ అంటే గంజి పెట్టిన సన్నటి నేత గుడ్డ. నీళ్లలో నానేస్తే గంజి, ఇంకు పోయి తెల్లటి మెత్తటి బట్ట మిగులుతుంది. ఆఫీసు మారినప్పుడు పాత ట్రేసింగుల కట్టలు "స్క్రాపు" అన్నారు. ఒకాయన పది కట్టలు ఇంటికి మోసుకుపోయి ఉతికించి చేతిరుమాళ్లు కుట్టించుకున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు, ప్రేమగానే. ఏ ఆఫీసు, ఎవరు అనేది వదిలేయండి. ఆ రుమాలు మూలన ఒక అక్వడక్టు (వాగు మీదుగా కాలువను దాటించే వంతెన) సెక్షన్ గీతలు ఇంకా కొంచెం కనపడతాయి.

మొదటి పుస్తకం 1984లో మద్రాసులో కొన్నాను. మా నాయన కంటి ఆపరేషనుకు పోయి, మధ్యాహ్నం పూట ఏమీ తోచక సెంట్రల్ స్టేషను పక్కనున్న మూర్ మార్కెట్‌లోకి పోయాను. ఎర్రటి భవనం, లోపల అంగళ్ల వరసలు, నేల నుంచి నెత్తి దాకా పుస్తకాలు. అక్కడ కాన్‌స్టన్స్ విలియర్స్-స్టువర్ట్ అనే ఆమె మొఘలుల తోటల మీద రాసిన పుస్తకం చేతికి తగిలింది. 1913లో లండన్‌లో వేసింది. బొమ్మలు ఆమే రంగుల్లో వేసుకుంది. నాకు అప్పటికి అంత ఇంగ్లీషు చదవడం రాదు. ప్లాను చదవడం మాత్రం వచ్చు. నిలబడినచోటే ఒక తోట ప్లాను తెరిచి చూసి, అరే, ఇది కాలువే కదా అనుకున్నాను. అంగడాయన 80 అన్నాడు, 60కి ఒప్పుకున్నాడు. నాయనకు బత్తాయిలు కొనాల్సిన డబ్బుతో కొన్నానని ఇంటికొచ్చినాక అమ్మ నెల రోజులు దెప్పింది.

మరుసటేడు, 1985 మే నెలలో, మూర్ మార్కెట్ కాలిపోయింది. పేపర్లో వార్త చదివి ఆఫీసులో కూర్చున్నచోటే చాలాసేపు ఉండిపోయాను. ఆ మధ్యాహ్నం నేను పక్కకు తోసేసిన పుస్తకాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఆ మొఘల్ పుస్తకంలో నన్ను పట్టుకున్నది పూలు కాదు, నీళ్ల పతనం. కాశ్మీరులో నిషాత్ బాగ్ కొండ వాలు మీద 12 మెట్లుగా దిగుతుంది. ఒక మెట్టు నుంచి కింది మెట్టుకు నీళ్లు దిగేచోట ఏటవాలుగా ఒక రాతి పలక పెడతారు. దాన్ని చాదర్ అంటారు, అంటే దుప్పటి. ఆ పలక మీద చేప పొలుసుల్లాగా చెక్కుతారు. నీళ్లు ఆ పొలుసుల మీద ఎగిరెగిరి పడి తెల్లగా నురగ కడతాయి, చప్పుడు చేస్తాయి. మా పనిలోనూ ఇదే ఉంది, డ్రాపు అంటాం. కాలువ మట్టం తగ్గించాల్సిన చోట నీళ్లు దూకితే అడుగు కోసుకుపోతుంది కాబట్టి, కింద కాంక్రీటు దిమ్మలు పెట్టి, గుంట చేసి, నీళ్ల పొగరు అణిచి పంపుతాం. నేను అట్లాంటి డ్రాపులు వందల కొద్దీ ట్రేస్ చేశాను. నీళ్లు ఎగరకుండా ఉండాలంటే ఏం చేయాలా అని మేం తల పట్టుకుంటే, అదే పతనాన్ని ముందు పెట్టుకొని ఇంకా బాగా ఎగరాలంటే ఏం చేయాలా అని వాళ్లు ఆలోచించారు. ఈ సంగతి మా ఇంజనీరుకు చూపిస్తే, "బాగుంది గానీ, ఆ లెవల్ షీట్ అయిందా?" అన్నాడు.

ఈ రచయిత్రి పుస్తకం రాసి ఊరుకోలేదు. కొత్త ఢిల్లీ కడుతున్నప్పుడు అక్కడ భారతీయ పద్ధతిలో తోట ఉండాలని గట్టిగా వాదించింది. చివరికి ఆర్కిటెక్టు లట్యన్స్ వైస్రాయి భవనం (ఇప్పటి రాష్ట్రపతి భవన్) వెనక నీళ్ల కాలువలతో మొఘల్ తోట గీశాడు. మొక్కలు 1928-29లో పడ్డాయి. 2023 నుంచి దాన్ని అమృత్ ఉద్యాన్ అంటున్నారు. నేను రెండుసార్లు పోయి చూశాను. అందరూ గులాబీల దగ్గర ఫోటోలు దిగుతుంటే, నేను కాలువ అంచు రాళ్లు అడుగులేసి కొలుస్తుంటే సెక్యూరిటీ అబ్బాయి విజిలేశాడు.

రెండో పుస్తకం దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టింది. వెంకటాద్రి ఎక్కి హైదరాబాదు పోయి, ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గైడ్ల కుప్పలో లాగాను. రెజినాల్డ్ బ్లామ్‌ఫీల్డ్ ఇంగ్లండు ఫార్మల్ తోటల మీద రాసింది. మొదట 1892లో వచ్చింది, నాది 1901 నాటి మూడో ముద్రణ. ఏదో క్లబ్బు లైబ్రరీ ముద్ర ఉంది. బొమ్మలు ఇనిగో థామస్ అనే ఆయనవి. దీని వెనక ఒక మంచి తగాదా ఉంది. బ్లామ్‌ఫీల్డ్ ఇల్లు కట్టే ఆర్కిటెక్టు. ఇంటికి గోడ ఎట్లనో తోట అట్ల, రెండూ ఒకే చెయ్యి గీయాలి అన్నాడు. విలియం రాబిన్‌సన్ అని ఐర్లండు తోటమాలి ఒకాయన ఉన్నాడు. చెట్టును కత్తిరించి చదరంగా, గుండ్రంగా చేయడం అంటే ఆయనకు ఒళ్లు మంట. అదే ఏడు ఆర్కిటెక్టుల తోటల మీద ఎదురు పుస్తకం వేసి దులిపేశాడు. మేస్త్రీకి, తోటమాలికి మధ్య తగువు ఏ ఊళ్లోనైనా ఇదే. నేను మేస్త్రీ పక్షమని వేరే చెప్పాల్సిన పని లేదు. అయినా రాబిన్‌సన్ పుస్తకం కూడా కొన్నాను, ఎదుటి కక్షిదారు వాదన వినకుండా తీర్పు చెప్పకూడదు కదా. తమాషా ఏందంటే, అంత తిట్టిన రాబిన్‌సన్ గ్రేవ్‌టై అనే చోట తన సొంత ఇంటి పక్కన రాతి పలకలు పరిచి, నలుచదరపు మడులే వేసుకున్నాడు.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ పుస్తకాల లోకంలో అందరూ అసహ్యించుకునే పని ఒకటుంది. పాత పుస్తకం కొని, బొమ్మల పేజీలు కోసి, ఫ్రేములు కట్టి విడిగా అమ్మడం. పుస్తకం మొత్తానికి వచ్చేదానికంటే పేజీలకు ఎక్కువ వస్తుంది. నేనూ ఈ పనిని తిడతాను. కానీ మా హాల్లో గడియారం కింద అట్లాంటి పేజీ ఒకటి వేలాడుతోంది.

అది ఫ్రెంచి పుస్తకానికి ఇంగ్లీషు అనువాదంలోది. అసలు పుస్తకం 1709లో ప్యారిస్‌లో రచయిత పేరు లేకుండా వచ్చింది. తోట గీయడం, నేల మీదికి దించడం, మట్టి సదను చేయడం, నీళ్లు పట్టడం, అన్నీ వివరంగా చెప్పిన పుస్తకం. రాసింది దెజాలియే దార్జన్‌విల్. బొమ్మల్లో చాలా భాగం గీసిన లెబ్లాన్ ఆ తర్వాత రష్యా పోయి పీటర్ చక్రవర్తి కొలువులో చేరాడు. 1712లో జాన్ జేమ్స్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. ఆ పుస్తకం మొత్తం కొనాలంటే నేను ఇల్లు అమ్మాలి. బెంగళూరులో ఒక అంగట్లో ఈ ఒక్క పేజీ 4,500కు కనపడింది. అరగంట బయట కాఫీ తాగుతూ నిలబడ్డాను. తర్వాత లోపలికి పోయి కొన్నాను.

ఫ్రేములోంచి తీసి వెలుతురుకు పట్టి చూస్తే కాగితంలో సన్నటి అడ్డగీతలు, వేలెడు ఎడంతో నిలువు గీతలు కనపడతాయి. చేత్తో చేసిన కాగితం, జల్లెడ తీగల గుర్తులు అవి. బొమ్మ చుట్టూ వేలితో తడిమితే చిన్న గుంట తగులుతుంది. రాగి పలక మీద బొమ్మ చెక్కి, గాట్లలో ఇంకు నింపి, తడి కాగితం పరిచి యంత్రంలో నొక్కితే పలక అంచు కాగితంలోకి దిగబడిన గుర్తు అది. మూడు మడతలున్నాయి. పుస్తకంలో మడిచి కుట్టిన పేజీ అని ఆ మడతలే సాక్ష్యం. ఎడమ అంచున కత్తి పెట్టి కోసినచోట గీత కొంచెం వంకర పోయింది. కోసినవాడు స్కేలు కూడా పెట్టలేదు. నాకు అన్నింటికంటే కష్టం కలిగించింది అది.

ఆ పేజీలో ఉన్నది పార్టేర్. ఇంటి ముందు నేల మీద, బాక్స్ అనే పొట్టి పొదలతో అల్లిన తీగల మెలికలు. మిద్దె మీది గదుల్లోంచి చూసేకి వేసింది. తెచ్చిన రోజు మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది.

"ఇది మెలికల ముగ్గు. చుక్కలేవి?"

"దీనికి చుక్కలుండవు" అన్నాను.

"చుక్కల్లేకుండా ఇంత సమంగా ఎవరేస్తారు? ఏసినాక తుడిచేసింటారు, అంతే."

నేను నవ్వాను. తర్వాత కంప్యూటర్లో ఆ పుస్తకం తెరిచి చదివితే, ఆమె అన్నదే నిజం. ముందు కాగితం మీద బొమ్మను గళ్లుగళ్లుగా గీసుకోవాలి. నేల మీద అన్నే గళ్లు పెద్దవిగా, గూటాలు పాతి తాళ్లు లాగి వేయాలి. గడిని చూసి గడి నింపుకుంటూ పోవాలి. మొక్కలు నాటినాక తాళ్లు పీకేస్తారు. చుక్కలు పోతాయి, ముగ్గు మిగులుతుంది. ఆ సంక్రాంతికి ఆమె దాంట్లో నాలుగో వంతు తీసుకొని 21 చుక్కలతో వాకిట్లో వేసింది. పక్కింటోళ్లు ఏ యూట్యూబ్‌లో చూశావని అడిగారు.

నీళ్ల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతా. అనంతపురం, కడప వాళ్లకు ఇది నచ్చుతుంది. వెర్సాయ్ తోట ఫౌంటెన్లకు చాలినన్ని నీళ్లు ఎప్పుడూ లేవు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ 1684 నాటికి సేన్ నది మీద మార్లీ దగ్గర ఒక యంత్రం కట్టించాడు. 14 పెద్ద చక్రాలు, 200కు పైగా పంపులు. అంత చేసినా అన్ని ఫౌంటెన్లూ ఒకేసారి ఆడించేకి చాల్లేదు. రాజు తోటలో నడుస్తుంటే, ఆయన వచ్చే వైపు నీళ్లు వదిలి, దాటిపోయినాక కట్టేసేవాళ్లు. పనివాళ్లు ఈలలతో ఒకరికొకరు కబురు పెట్టుకునేవాళ్లు. అంటే లోకంలోకెల్లా గొప్ప తోటలోనూ వంతు నీళ్లే. కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ మీద రాత్రి లాంతరు పట్టుకొని తూము దగ్గర కాపలా కూర్చున్న ఏ రైతుకైనా ఆ ఈల అర్థమవుతుంది.

చెదలు, పురుగుల గురించి చాలామంది అడుగుతుంటారు. బండను చెదలు తినవు, కానీ గోడ వెంబడి ఎక్కుతాయి. అందుకే పుస్తకం గోడకు ఆనకుండా నాలుగు వేళ్ల సందు వదలాల. వేపాకు పెడతాను, వాసన కోసం. దానికి పురుగు భయపడుతుందని నాకైతే నమ్మకం లేదు. నెలకోసారి తీసి, తుడిచి, తిరగేసి పెట్టడమే మందు. మా ఎండలకు తోలు అట్టలు ఎర్రటి పొడి రాలుతాయి. 44 డిగ్రీల్లో మనమే రాలుతున్నాం, తోలుకేం.

ఇక అసలు కథ. రిటైరైన డబ్బుల్లోంచి ఇంట్లో చెప్పి కొన్న ఒకే ఒక్క పుస్తకం ఇనిగో ట్రిగ్స్ ది. ఇంగ్లండు, స్కాట్లండుల ఫార్మల్ తోటల మీద 1902లో వచ్చిన పెద్ద సైజు పుస్తకం. (బ్లామ్‌ఫీల్డ్‌కు బొమ్మలేసిన ఇనిగో థామస్ వేరు, ఈ ఇనిగో వేరు. ఇద్దరూ ఒకరే అని నేను పదేళ్లు నమ్మాను.) ట్రిగ్స్ తోటలకు పోయి టేపు పట్టి కొలిచి గీశాడు. ఊహ బొమ్మలు కావు. ప్రతి ప్లాను కింద అడుగుల స్కేలు ఉంటుంది. ట్రేసర్‌కు ఇంతకంటే ఏం కావాలి?

ఇంగ్లండు నుంచి తెప్పించాను. కొరియర్ అబ్బాయి మోసుకొచ్చి "ఏం సార్, టీవీనా?" అన్నాడు. నేల మీద దుప్పటి పరిచి, చేతులు కడుక్కొని, జాబితా పక్కన పెట్టుకొని బొమ్మలు లెక్కపెట్టాను. 9 తక్కువ. మళ్లీ లెక్కపెట్టాను. అంతే. కుట్టు దగ్గర కత్తి గాట్లు కనపడుతున్నాయి. పోయినవాటిలో మాంటక్యూట్ భవనం తోట ప్లాను ఒకటి, దాని కోసమే కొన్నాను. అమ్మినాయనకు రాస్తే, వెనక్కి పంపితే డబ్బులిస్తాం, పంపే ఖర్చు మీదే అన్నాడు. ఆ ఖర్చు పుస్తకం ధరలో సగం. ఆ రాత్రి మా ఇంట్లో జాడీల మాట మళ్లీ లేచింది.

వారం రోజులు ఆ పుస్తకం ముట్టుకోలేదు. నేను సాయంత్రాలు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీ వైపు నడుస్తుంటాను. సి.పి. బ్రౌన్ బంగళా ఉండిన చోటే అది. ఆయన సొంత డబ్బు ఖర్చు పెట్టి పండితులను కూర్చోబెట్టి తాటాకుల మీది కావ్యాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. పురుగు తిన్నచోట ఇంకో ప్రతి చూసి పూరించమన్నాడు. ఆ రోజు గేటు దగ్గర నిలబడితే ఎందుకో ఆ రాసినవాళ్ల చేతులు గుర్తొచ్చాయి. ఇంటికొచ్చి అటక మీది పెట్టె దించాను.

అందులో ఒక సగం చుట్ట ట్రేసింగ్ క్లాత్ ఉంది. ఆఫీసు సొత్తు కాదు, 1988లో బయట పని కోసం డబ్బులిచ్చి కొన్నదే. పెన్నులు నాలుగు బతికే ఉన్నాయి. రెండింటి ముక్కుల్లో ఇంకు గడ్డ కట్టుకోనుంటే వేన్నీళ్లలో మూడు రోజులు నానేశాను. ఆ పుస్తకం స్కాన్లు నెట్‌లో దొరుకుతాయి, కానీ స్కాన్‌కు సైజు తెలీదు. ఉన్న పేజీల కొలతలు తీసుకొని, స్కేలు గీత సరిపోయేదాకా పెంచి ప్రింటు తీయించాను. సెవెన్ రోడ్స్ దగ్గర జిరాక్స్ అబ్బాయి నాలుగుసార్లు తీశాడు, ఐదోసారి "ఏం మిల్లీమీటర్ సార్, వదిలేయండి" అన్నాడు. వదల్లేదు.

ప్రింటు మీద క్లాత్ పరిచి, పిన్నులు గుచ్చి, సుద్దపొడి రుద్ది, మొదట నడిమి గీత లాగాను. చెయ్యి వణికింది. మూడేళ్లు పెన్ను పట్టలేదు. గోడలు ముందు, తర్వాత దారులు, తర్వాత మెట్లు, చెట్లు చివర. మాంటక్యూట్‌కు పదకొండు రోజులు పట్టింది. అయినాక కుడి మూలన చిన్న డబ్బా గీసి, ట్రేస్డ్ బై అని రాసి, పొడి అక్షరాలు, తేదీ, కడప అని పెట్టాను. రేపు ఎవరి చేతికైనా పోతే ఇది అసలు పేజీ అనుకొని మోసపోకూడదు. తర్వాత కోసిన చోటే, గాటుకు ఆనించి, జిగురు లేకుండా దూర్చాను.

ఇప్పటికి ఎనిమిది అయినాయి. తొమ్మిదోది అన్నింటికంటే పెద్దది, కత్తిరించిన చెట్ల నీడలు సన్నటి గీతల్లో వేయాలి. క్లాత్ కోసి పెట్టుకున్నాను. కానీ ఇది ఏప్రిల్. ఫ్యాను వేస్తే క్లాత్ ఎగురుతుంది, వేయకపోతే చెమట కారుతుంది. చెమట చుక్క ఒక్కటి పడినా అక్కడ గంజి కరిగి, ఇంకు పాకి, ఆ భాగం రుమాలు అయిపోతుంది. వానలు పడనీ, అప్పుడు చూస్తా.